పెద్ద మల్లయ్య, చిన్న మల్లయ్య, నా పదకొండు లైన్లు

2023 ఫిబ్రవరి, మార్చి నెలల్లో మా దవాఖాన వాళ్లు పాలంపేట వైపు ఊళ్లలో ఆడవాళ్ల కోసం రెండు విడతల క్యాంపులు పెట్టారు. గర్భాశయ ముఖద్వార కేన్సర్‌ను ముందే పట్టుకునే పాప్ టెస్ట్ క్యాంపులు. చిన్న బ్రష్‌తో కొన్ని కణాలు తీసి, గాజు పలక మీద రాసి, మైక్రోస్కోప్ కింద చూస్తారు. నొప్పి తక్కువ, సిగ్గు ఎక్కువ. అందుకే పిలిచిన వాళ్లలో సగం మంది పేరు రాయించుకుని, లైను చూసి, ఇంటికి పోయేవాళ్లు. రెండో విడతలో మళ్లీ వచ్చి మళ్లీ పేరు రాయించుకునేవాళ్లు. ఈ చిన్న సంగతి గుర్తుపెట్టుకోండి, కథంతా ఇక్కడి నుంచే మొదలైంది.

నేను డాక్టర్ని కాదు, నర్సును కాదు. హన్మకొండలో ఒక ట్రస్టు దవాఖానలో కంప్యూటర్ల గది చూసుకుంటాను. పేరుకు సిస్టమ్స్ ఇన్‌చార్జ్. నా గదిలో ఇన్‌చార్జిని నేనే, సిబ్బందిని నేనే, ఏసీ పనిచేయకపోతే తిట్టేదాన్ని కూడా నేనే. ఎంసీఏ చదివి, హసన్‌పర్తి దగ్గర ఒక కాలేజీలో ఆరేళ్లు డేటా స్ట్రక్చర్స్ చెప్పి, ప్రిన్సిపాల్‌తో గొడవపడి బయటికొచ్చాను. ఏ గొడవ అని అడగకండి, తప్పు ఆయనదే.

కాలేజీ వదిలినా ఒక అలవాటు వదల్లేదు. చిన్న చిన్న ప్రోగ్రాములు రాయడం. పది పదిహేను లైన్లకు మించకూడదు. ఒకటి ప్రధాన సంఖ్యల్ని జల్లెడ పడుతుంది. ఒకటి వెయ్యి పేర్లను కన్నుమూసి తెరిచేలోగా వరసలో పెడుతుంది. కొందరు ఆడవాళ్లు ముగ్గులు దాచుకుంటారు చూడండి నోటు పుస్తకాల్లో, అట్లా దాచుకుంటాను నేను వీటిని. అందులో నాకు ఇష్టమైనది పుట్టినరోజుల లెక్క. ఒక గదిలో ఇరవై ముగ్గురుంటే వాళ్లలో ఏ ఇద్దరికైనా పుట్టినరోజు ఒకటే అయ్యే అవకాశం సగానికి పైనే. క్లాసులో చెబితే పిల్లలు నమ్మేవారు కాదు. ప్రోగ్రాం నడిపి చూపిస్తే నోళ్లు తెరిచేవారు. లెక్క చూపించి ఎదుటివాళ్ల నోరు మూయించడం నాకు చిన్నప్పటి నుంచీ సరదా. తెరిపించడం కూడా.

ఏప్రిల్‌లో డాక్టర్ గ్రేస్ నా గదికి వచ్చారు. క్యాంపులు ఆమె ఆలోచనే. మా ఇద్దరికీ పదేళ్ల స్నేహం. అంటే పదేళ్ల వాదన.

"సుజాతా, లిస్టులో ఒకే మనిషి రెండు రెండు సార్లు కనబడుతోంది. రిపోర్టులు పంపాలి. రీకాల్ లిస్టు తియ్యాలి. జర శుభ్రం చేసిపెట్టు."

రీకాల్ లిస్టు అంటే రిపోర్టులో అనుమానం వచ్చి, మళ్లీ పిలవాల్సిన వాళ్ల జాబితా. ఈ మొత్తం పనికి ప్రాణం అదే. మిగతావాళ్లకు 'నార్మల్' అని ఒక మెసేజ్ పోతే చాలు.

"మీ వాలంటీర్లకు ముందు చేతిరాత నేర్పించండి. ఒకే ఆమెను ఒక ఫారంలో 'చిన్న రాజయ్య భార్య' అని రాశారు, ఇంకో ఫారంలో ఒట్టి 'రాజయ్య భార్య' అని రాశారు. కంప్యూటర్‌కు వాళ్లు ఇద్దరు మొగుళ్లు."

"అందుకే నీ దగ్గరికొచ్చిన," అన్నారామె నవ్వి.

పొగిడితే పడిపోయే రకం కాదు నేను. కానీ ఆ రోజు పడ్డాను. మధ్యాహ్నం లోపల పదకొండు లైన్ల స్క్రిప్టు రాశాను. స్క్రిప్టు అంటే ఒక పని చేసి ఊరుకునే చిన్న ప్రోగ్రాం. ఇది చేసే పని ఇంతే. ప్రతి వరసలో ఇంటిపేరు, పేరు, భర్త పేరు, ఊరు, పుట్టిన తేదీ, ఫోన్ నంబరు తీసుకుని ఒకటిగా కలిపి ఒక తాళంచెవి లాంటిది తయారుచేస్తుంది. మా భాషలో దాన్ని 'కీ' అంటారు. ఆ కీని ఒక 'సెట్'లో వేస్తుంది. సెట్ అనేది ఒకసారి చూసిన వస్తువును రెండోసారి లోపలికి రానివ్వని సంచి. కీ ముందే సంచిలో ఉంటే, ఇది అదే మనిషి అని లెక్క. రెండు వరసలను కలిపేసి, రెంటిలో కొత్త రిపోర్టును ఉంచుతుంది.

వీటిలో నాలుగో లైను నాకు మరీ గర్వం. భర్తల పేర్ల ముందున్న 'పెద్ద', 'నడిపి', 'చిన్న' అనే మాటలను అది ఏరి పారేస్తుంది. చిన్న రాజయ్య, రాజయ్య ఒక్కరైపోతారు. బియ్యంలో రాళ్లు ఏరినట్టు.

ఆధార్ నంబరు ఎందుకు వాడలేదు అని మీలో తెలివైనవాళ్లు అడుగుతారు. క్యాంపులో నంబరు రాసుకోబోతే ఆడవాళ్లు లేచిపోయారట, పింఛనుకు ఏమన్నా అడ్డం వస్తదేమోనని. కార్డు చూసి పుట్టిన తేదీ మాత్రం రాసుకోవడానికి ఒప్పుకున్నారు.

స్క్రిప్టు నడిపాను. కలిసిపోయిన వరసల సంఖ్య తెరమీద పడింది. నేను ఆ సంఖ్యను చూశాను, వరసలను చూడలేదు. డాక్టర్ గ్రేస్‌కు అనుమానం వచ్చింది.

"వేరువేరు మనుషులు కలిసిపోలేదు కదా?"

"గ్రేస్ గారూ, ఇంటిపేరు కలవాలి, పేరు కలవాలి, భర్త పేరు కలవాలి, ఊరు కలవాలి, పుట్టిన తేదీ కలవాలి, చివరికి ఫోన్ నంబరు కూడా కలవాలి. ఒక్కొక్కదాని అవకాశం తీసుకుని గుణించండి. మీ తలమీద ఇప్పుడు పిడుగు పడే అవకాశం దానికంటే ఎక్కువ."

ఆమె కిటికీలోంచి ఆకాశం వైపు చూసి, "సరే" అని పోయారు. రిపోర్టులు పోయాయి. రీకాల్ లిస్టులో ఉన్నవాళ్లను ఒక్కొక్కరినే పిలిచి చూశారు. పని అయిపోయింది అనుకున్నాం.

జూలైలో ఒక పొద్దున నా కిటికీ దగ్గరికి ఒకామె వచ్చింది. నలభై ఏళ్లుంటాయి. ఆశా వర్కర్ల చీర, చంకలో సంచి, చెప్పులకు బురద. పేరు సరోజన. పాలంపేట అవతల ఒక ఊరి ఆశా ఆమె. ఊళ్లో ఆడవాళ్లను క్యాంపుకు తోలుకొచ్చింది ఆమే. తెల్లారగట్ల బస్సెక్కి, ములుగులో మారి వచ్చింది.

"మేడం, మల్లంపల్లామె రిపోర్టు రాలే."

"మల్లంపల్లామె అంటే? పేరు చెప్పమ్మా."

"సమ్మక్క. మల్లయ్య పెండ్లాం." ఇంటిపేరు కూడా చెప్పింది, అది ఇక్కడ రాయను.

టేబుల్‌లో వెతికాను. క్షణంలో దొరికింది. "నార్మల్. ఏప్రిల్లో మెసేజ్ పోయింది. నంబరు ఇదే," అని చదివాను.

"అది నా నంబరే. ఆడోళ్లకు ఫోన్లు ఏడున్నయి మేడం? ఉన్నా మొగోళ్ల జేబుల ఉంటయి. ఊరందరికీ నా నంబరే రాయించిన."

ఆ మాట విని నేను ఆగాల్సింది. ఆగలేదు. నోరు ముందు, మెదడు వెనుక, నా సంగతి అంతే.

"మరి మెసేజ్ నీకే వచ్చింది కదా. ఆమెకు చెప్పలేదా?"

"అది నర్సంపేటామెది."

"ఎవరిదమ్మా?"

"సమ్మక్కది. మల్లయ్య పెండ్లాం."

"ఇప్పుడు నేను చెప్పింది కూడా ఆమెదే కదా!"

"కాదు మేడం. ఆమె ఆమె, ఈమె ఈమె."

నాకు ఒళ్లు మండింది. వెనుక బిల్లింగ్ వాళ్లు చూస్తున్నారు. "చూడమ్మా, మీ ఊళ్లో సమ్మక్క, భర్త మల్లయ్య, ఈ ఇంటిపేరు, జనవరి ఒకటి 1980లో పుట్టినామె ఒక్కతే. రెండు క్యాంపులకూ వచ్చింది. రెండుసార్లు పేరు రాయించుకుంది. కంప్యూటర్ చెబుతోంది."

సరోజన నన్ను కింది నుంచి మీదికి చూసింది. ఇరవై రెండేళ్ల సర్వీసులో నన్ను అట్లా చూసినవాళ్లు తక్కువ.

"నీ కంప్యూటర్ మా ఊరికి ఎన్నిసార్లొచ్చింది మేడం?"

నేను తెర వైపు తిరిగాను. ఆమే అందుకుంది.

"ఇద్దరు తోడికోడండ్లు. పెద్ద మల్లయ్య పెండ్లాం మల్లంపల్లి నుంచి వచ్చింది, చిన్న మల్లయ్య పెండ్లాం నర్సంపేట నుంచి వచ్చింది. ఇద్దరూ సమ్మక్క జాతర అయిన యేడు పుట్టిన్రు, అందుకే ఇద్దరికీ సమ్మక్కనే పేరు. ఇంట్ల రెండు సమ్మక్కలుంటే ఎట్ల పిలుస్తరు? పుట్టినూరి పేర్లతోని పిలుస్తరు. పెద్దామె మొదటి క్యాంపుకొచ్చింది, చిన్నామె రెండో క్యాంపుకొచ్చింది. మెసేజ్ ఒకటే వచ్చింది. రెండో క్యాంపోళ్ల మెసేజ్‌లతోని కలిసి వచ్చిందని చిన్నామెదే అనుకున్న. పెద్దామె రోజూ అడుగుతాంది, నాదేమైందే అని. ఇద్దరికి ఒక్క రిపోర్టు ఎట్లయితది, నువ్వే చెప్పు."

"అన్నదమ్ములిద్దరికీ మల్లయ్యేనా?" అడిగాను.

"వాళ్ల నాయనకు పిల్లలు బతకకపోతే మల్లన్నకు మొక్కిండు. మొక్కినంక ఇద్దరు పుట్టిన్రు. ఒకనికి పెట్టి ఒకనికి పెట్టకపోతే దేవుడు ఊకుంటడా? అందుకే పెద్దోడు, చిన్నోడు."

నాలుగో లైను. నేను ఏరి పారేసిన రాళ్లు.

"మరి పుట్టిన తేదీ?" చివరి కొమ్మ పట్టుకున్నట్టు అడిగాను.

సరోజన నవ్వింది. "ఆధార్ కార్డులకు ఫొటోలు దిగేనాడు అందరం లైన్ల నిలబడ్డం. వయసెంత అన్నడు రాసేటోడు. ఇద్దరూ ఇంచుమించు ఒక్క ఈడోళ్లే, ఇంచుమించు ఒక్కటే చెప్పిన్రు. తారీఖు ఎవలకెరుక? ఎరుక లేనోళ్లందరికీ జనవరి ఒకటే పడ్డది. నాది కూడా జనవరి ఒకటే. చూస్తవా?" సంచిలో చెయ్యి పెట్టబోయింది.

"వద్దమ్మా. కూర్చో," అన్నాను. నా కుర్చీనే జరిపి ఇచ్చాను.

పాత టేబుల్ తెరిచాను. శుభ్రం చేయకముందు ఒక నకలు తీసి దాచడం మా వృత్తిలో మొదటి పాఠం. నేను చేసిన పనుల్లో ఆ ఒక్కటి సరిగా చేశాను. సమ్మక్కలిద్దరూ అందులో వేరువేరు వరసల్లో ఉన్నారు. మార్చి రిపోర్టు: నార్మల్. ఫిబ్రవరి రిపోర్టు ఉన్న గడిలో ఒక్క మాటే ఉంది: రీకాల్.

తెరమీది మాటను నమ్మే స్థితిలో లేను. రికార్డు రూముకు పోయి ఫారాల కట్టలు దించాను. సరోజన నాతో పాటే నేలమీద కూర్చుని విప్పింది. ఫిబ్రవరి కట్టలో పెద్దామె ఫారం దొరికింది. కింద వంకరటింకరగా సంతకం. మార్చి కట్టలో చిన్నామె ఫారం. కింద వేలిముద్ర. ఒక మనిషి ఫిబ్రవరిలో సంతకం పెట్టి మార్చికి చదువు మరిచిపోదు. ఆ కాగితాలు మూడు నెలలుగా నా గది నుంచి ఇరవై అడుగుల దూరంలో ఉన్నాయి.

డాక్టర్ గ్రేస్ రెండు ఫారాలూ చూసి కళ్లద్దాలు తీసి బల్లమీద పెట్టారు.

"రెండు రిపోర్టులుంటే కొత్తదాన్ని ఎందుకుంచావు? రెంటిలో చెడ్డదాన్ని కదా ఉంచాలి?"

"మీరు చెప్పలేదు."

"నువ్వు అడగలేదు."

ఇద్దరం ఒకరినొకరం చూసుకున్నాం. పదేళ్లలో మొదటిసారి వాదన ముందుకు పోలేదు. డేటాబేస్ పనిలో 'కొత్తదే నిజం' అనేది అలవాటు. అడ్రసు మారితే కొత్త అడ్రసు, నంబరు మారితే కొత్త నంబరు. ఆ అలవాటునే ఒంటి పరీక్షకు కూడా తగిలించాను. ఆలోచించి చేసిన తప్పు కాదది. ఆలోచించాల్సిన చోటు అని కూడా తెలియని తప్పు.

"ఎంత ఆలస్యమైంది? ప్రమాదమా?" అని అడిగాను.

"చూస్తే గాని తెలియదు. కొందరికి ఏళ్లు పడుతుంది, కొందరికి అంత టైం ఉండదు. ముందు మనిషిని తీసుకురా."

మనిషి అంత సులువుగా రాదని సరోజన చెప్పింది. నాట్లు నడుస్తున్నాయి. ముఠా కట్టి పోతున్నారు, మధ్యలో ఒకరు మానేస్తే మిగతావాళ్లు ఊరుకోరు. "నేను పిలిస్తే రాదు మేడం. ఆమె రిపోర్టు నేనే పోగొట్టిన్నేమో అనుకుంటది. నువ్వే వచ్చి చెప్పు."

పోయాను. దవాఖాన జీపులో, సరోజన పక్కన. గదిలో కూర్చుని ఊళ్లను వరసలుగా చూసే నాకు ఊరికి పోవడం ఎన్నేళ్ల తర్వాతో. వాన తెరిపి ఇచ్చింది. రోడ్డు పక్కన మడుల్లో ఆడవాళ్లు వంగి నాట్లు వేస్తున్నారు. సరోజన గట్టు మీద నిలబడి కేకేసింది.

"ఓ మల్లంపల్లక్కా! నీకోసం దవాఖాన నుంచి పెద్ద మేడం వచ్చింది!"

పది నడుములు ఒకేసారి లేచాయి. అందులోంచి ఒకామె మోకాళ్ల దాకా బురదతో, చేతిలో నారు కట్టతోనే గట్టెక్కింది. పొడుగ్గా, ఎండుకట్టెలా ఉంది. పక్కనే పొట్టిగా, గుండ్రంగా ఇంకొకామె, పిలవకుండానే వచ్చింది. చిన్న సమ్మక్క. ఈ ఇద్దరినీ ఒక్కసారి పక్కపక్కన చూసినవాళ్లెవరూ ఒక్కరని అనరు. నా సెట్ ఒక్క క్షణంలో అనేసింది.

అబద్ధం చెప్పాలని నోటిదాకా వచ్చింది. 'చిన్న పొరపాటు, మళ్లీ ఒకసారి పరీక్ష' అంటే సరిపోయేది. సరోజన నా ముఖమే చూస్తోంది.

"తప్పు నాదమ్మా. మీ ఇద్దరి కాగితాలు కంప్యూటర్లో ఒక్కటిగా కలిపేశాను. చిన్నామెది బాగుందని వచ్చింది. నీది మళ్లీ చూడాలని వచ్చింది, ఏప్రిల్లోనే పిలవాల్సింది. నీది కనిపించకుండా పోయింది."

పెద్ద సమ్మక్క తోడికోడలి వైపు చూసి అంది, "ఇన్నావే? ఇరవై ఏండ్ల సంది అత్త కలుపలే, పంచాయితి కలుపలే. ఈ మేడం కలిపిందట!"

మడిలో నవ్వులు. చిన్న సమ్మక్క మూతి తిప్పింది. "ఇప్పుడన్నా నా ఎసరు గిన్నె నాకియ్యి మరి."

నేను కూడా నవ్వాను, ఏడవడానికి బదులు. అప్పుడు పెద్దామె గొంతు తగ్గించి, నాకొక్కదానికే వినపడేట్టు అడిగింది.

"ఇగ చస్తనా మేడం?"

"తెలియదమ్మా. డాక్టరమ్మ చూసి చెబుతుంది. ఈ రోజే చూస్తుంది."

"బిడ్డ ఇంటర్ల ఉన్నది. అది డిగ్రీ చదివేదాకన్నా ఉండాలె." అని నారు కట్ట వైపు చూసుకుంది. "ఈ మడి అయిపోతె రేపొస్త."

నేను నోరు తెరిచేలోపల చిన్న సమ్మక్క ఆ నారు కట్ట లాక్కుంది. "నీ సాలు నేనేస్త. పో ముందు. బండి వచ్చి నిలబడ్డది, పో."

ఆ పొలం గట్టు మీద నాకు ఒక లెక్క తేలింది. అవకాశాలను గుణించడానికి ఒక షరతుంది. ఒకటి ఇంకొకదాన్ని లాగకూడదు. నాణెం రెండుసార్లు ఎగరేస్తే మొదటిది రెండోదాన్ని లాగదు. గుణించొచ్చు. ఈ షరతు పిల్లలకు ఎన్నోసార్లు చెప్పాను, పరీక్షలో రాయకపోతే మార్కులు కోశాను. ఇక్కడ ఇంటిపేరు, ఊరు ఒక్కటైంది ఒక ఇంటికే వచ్చారు కాబట్టి. మొగుళ్ల పేరు ఒక్కటైంది ఒకే తండ్రి మొక్కు కాబట్టి. వాళ్ల పేర్లు ఒక్కటైంది జాతర వల్ల, తారీఖు ఒక్కటైంది ఒకే రోజు ఒకే లైన్లో నిలబడినందుకు, ఫోను ఒక్కటైంది సరోజన ఒక్కతే ఉన్నందుకు. ఇవేవీ యాదృచ్ఛికం కాదు. ఒకదాని చెయ్యి ఒకటి పట్టుకుని నడిచాయి. నేను ఆరు సాక్ష్యాలు అనుకున్నవి నిజానికి ఒకటే సాక్ష్యం: ఇద్దరూ ఒక ఇంటి ఆడవాళ్లు.

డాక్టర్ గ్రేస్ ఆ సాయంత్రమే కాల్పోస్కోప్‌తో చూశారు. ముఖద్వారాన్ని పెద్దదిగా చేసి చూపించే పరికరం అది. అనుమానం ఉన్న చోట చిన్న ముక్క తీసి పరీక్షకు పంపారు. ఫలితం రావడానికి పది రోజులు. ఆ పది రోజులు నేను ఏం చేశానో చెబుతాను. కలిసిపోయిన ప్రతి జతనూ విడదీశాను. ఒక్కో జతకూ ఫారాలు దించి, పక్కపక్కన పెట్టి, ఆ ఊరి ఆశా ఆమెకు ఫోన్ చేసి అడిగాను: "వీళ్లు ఒక్కరా, ఇద్దరా?" ఎక్కువమంది ఒక్కరే. కానీ ఇంకో రెండు జతల్లో ఇద్దరు తేలారు. దేవుడి దయ, ఆ నలుగురివీ నార్మలే. దేవుడి దయ అని రాస్తున్నాను చూడండి. నా దయ అయితే కాదు.

బిల్లింగ్‌లో కొత్తగా చేరిన ఒక ప్రోగ్రామరమ్మ అంది, "మేడం, ఇంత చేత్తో ఎందుకు? ఇంకో రెండు కాలమ్స్ కీలో కలిపితే సరిపోతుంది కదా." ఏప్రిల్లో అయితే నేనూ అదే అనేదాన్ని. ఆమె మీద విరుచుకుపడ్డాను, పాపం. తర్వాత పిలిచి టీ ఇచ్చి మొత్తం చెప్పాను.

పదకొండో రోజు ఫలితం వచ్చింది. కేన్సర్‌కు ముందు దశ, అందులోనూ ముదిరిన మెట్టు. ఇంకా కేన్సర్ కాలేదు. "ఇంకో ఏడాదో, రెండేళ్లో వదిలేసి ఉంటే మాత్రం నేను ఇంత నెమ్మదిగా మాట్లాడేదాన్ని కాదు," అన్నారు గ్రేస్. చెడిన భాగాన్ని చిన్న ఆపరేషన్‌తో తీసేశారు. మత్తు ముఖద్వారానికే, సాయంత్రానికి ఇంటికి. జీపు ఎక్కుతూ పెద్ద సమ్మక్క నాతో ఒక్క మాటన్నది: "మంచిగైంది. కానీ నువ్వు ఇగ ఎవ్వల్నీ కలుపకు."

కలపడం లేదు. ఇప్పుడు నా స్క్రిప్టుకు పదకొండు కాదు, పదిహేడు లైన్లు. అది ఎవరినీ కలపదు, ఏ మాటనూ ఏరిపారేయదు. అనుమానం వచ్చిన జతలను కాగితం మీద అచ్చువేసి ఆగిపోతుంది. ఎవరో ఒక మనిషి ఆ ఊరి మనిషిని అడిగి టిక్కు పెట్టాలి. ఫారంలో ఒక కొత్త గడి కూడా వచ్చింది: 'ఊళ్లో ఏమని పిలుస్తారు?' కంప్యూటర్ తెలిసినవాళ్లు చూసి నవ్వుతారు, ఇదేం కాలమ్ అని. నవ్వనీ.

ఆరు నెలలకు పెద్ద సమ్మక్కను మళ్లీ పరీక్షకు పిలిచాం. తోడికోడలిని వెంటేసుకుని వచ్చింది. ఆమె లోపల ఉండగా చిన్న సమ్మక్క నా కిటికీ దగ్గరికి వచ్చి నిలబడింది.

"ఏమమ్మా, ఏమన్నా కావాల్నా?"

"మేడం, నాకు బాగుందని చెప్పిన్రు కదా. ఆ మాట నాదేనా?"

నా చేతికింద అన్నీ ఉన్నాయి. ఆమె ఫారం, స్లైడు నంబరు, ల్యాబు కాగితం, దాని మీద తేదీ. ఐదు నిమిషాల్లో రుజువు చేయగలను. నాలుక చివర మొదటి వాక్యం తయారుగా కూడా ఉంది. కానీ ఆ కాగితాలు చదవడం ఆమెకు రాదు. చదివి వినిపించాల్సింది నేనే. ఆమె నన్ను మళ్లీ ఎందుకు నమ్మాలి? ఆరు నెలలు, నాట్లు, కోతలు, పండుగలు, అన్నిట్లోనూ ఈ ప్రశ్న కొంగున కట్టుకుని తిరిగింది. నేను పెద్దామె గురించి ఆలోచించాను, మిగతా జతల గురించి ఆలోచించాను. మంచి కబురు అందుకున్న మనిషి నిద్ర కూడా చెడగొట్టానని ఒక్కసారి కూడా తోచలేదు.

గ్రేస్ దగ్గరికి పోయి చెప్పాను, "ఈమెకు మళ్లీ చెయ్యండి."

"అవసరం లేదు సుజాతా. మార్చి రిపోర్టు ఆమెదే, నువ్వే తేల్చావు కదా."

"నాకు అవసరం లేదు. ఆమెకు ఉంది."

గ్రేస్ వాదించలేదు. చేశారు.

రెండు రిపోర్టులూ పదిహేను రోజులకు వచ్చాయి. మెసేజ్ పంపే బటన్ ముట్టుకోలేదు. సరోజనకు ఫోన్ చేసి, ఇద్దరినీ దగ్గరికి పిలవమన్నాను. ముందు పెద్దామెకు ఫోను ఇవ్వమని, చెప్పాల్సింది చెప్పాను: బాగుంది, మళ్లీ ఏడాదికి రావాలి. తర్వాత ఫోను చేతులు మారిన చప్పుడు, గాజుల చప్పుడు.

"ఎవరు మాట్లాడేది?" అన్నాను.

"నేనే మేడం. సమ్మక్కను."

"ఏ సమ్మక్కవు?"

"నర్సంపేటామెను. చిన్న మల్లయ్య పెండ్లాన్ని. మీ దగ్గరికొచ్చి అడిగిన్నే, గా సమ్మక్కను."

"నీకు బాగుందమ్మా. ఏమీ లేదు. ఈ మాట నీదే."

అటువైపు, ఫోను దూరం పెట్టి ఎవరికో చెబుతున్న గొంతు: "నాదేనట."